చెయ్యి బొమ్మ

ఆటో దిగడానికి ప్రభు చెయ్యి అందించాడు. ఆరోగ్యం ఆ చెయ్యి పట్టుకుని, "ఏందిరా, గిట్ల జిగురు జిగురుగుంది?" అన్నాడు.

"పొద్దున పనసకాయ కోసిన నాయినా. కొబ్బరినూనె రాసినా పోలే," అన్నాడు ప్రభు.

పనస జిగురు అంతే, పట్టిందంటే ఒక పట్టాన వదలదు. ఆరోగ్యం నల్లద్దాల మీదికి తువ్వాలు లాక్కుని కొడుకు వెంట నడిచాడు. గోదాం గేటు దగ్గర ప్రభు ఆగాడు.

"ఈ పంచాయితీ వద్దు నాయినా. వాళ్లిచ్చింది తీసుకుందాం."

"కన్ను ఇస్తరా?" అన్నాడు ఆరోగ్యం.

ప్రభు తండ్రిని ఆఫీసు బల్ల మీద కూర్చోబెట్టి పనిలోకి వెళ్లిపోయాడు.

పాల్వంచ దారిలో ఉన్న ఆ గోదాంలోకి బ్యాటరీ యాసిడ్, బ్యాటరీల్లో పోసే నీళ్లు రెండూ ఒకే రకం తెల్ల క్యాన్లలో వస్తాయి. కంటికి రెండూ నీళ్లే. యాసిడ్ క్యానుకు మాత్రం నలుపు తెలుపు లేబుల్ ఉండాలి. అందులో పైనుంచి చుక్కలు పడి చెయ్యి తినేస్తున్నట్టు బొమ్మ. ఆరోగ్యానికి అక్షరమ్ముక్క రాదు గానీ, హమాలీ పనిలో ఆ బొమ్మే అతని పెద్దబాలశిక్ష. చెయ్యి బొమ్మ ఉన్న క్యానును పసిబిడ్డలా దించేవాడు. బొమ్మ లేనిదాన్ని భుజాన వేసేవాడు. ఎండ మాడ్చేస్తుంటే అందులోంచి దోసెడు తీసి మొహాన కొట్టుకునేవాడు. అక్కడి హమాలీలందరి అలవాటూ అదే.

ఉగాది వెళ్లాక ఒక లోడు వచ్చింది. ఒక్క క్యానుకూ బొమ్మ లేదు. నీళ్లే అనుకుని ఆరోగ్యం దోసిలి పట్టాడు. అంతే, అతని లోకం అక్కడితో ఆరిపోయింది.

ఒక కంటికి ఇంకా ఆశ ఉందని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ కావాలి. ఖర్చు కంపెనీ పెట్టుకుంటే తప్ప ఆరోగ్యం వాళ్ల తరం కాదు. మేనేజర్ వెంకటరామారావేమో, బొమ్మ ఉన్నా చూసుకోలేదు, తప్పంతా మనిషిదేనని పైకి రాసి పారేశాడు. కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి చూసుకోలేదనడానికి నోరెలా వచ్చిందో ఆ మహానుభావుడికి!

మళ్లీ ఆయనే మొన్న ఇంటికొచ్చి ప్రభుకు ఉద్యోగం ఇస్తానన్నాడు. భార్య విశ్రాంతమ్మ కళ్లొత్తుకుని దేవుడికి స్తోత్రం చెప్పింది. ఆరోగ్యానికి మాత్రం చెంప పగలగొట్టి చేతిలో బెల్లం పెట్టినట్టనిపించింది. అయినా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ప్రభు నిన్ననే చేరాడు. మోసేది కాదు, నీడపట్టున కూర్చుని చేసే పనేనని తల్లితో చెప్పి, ముద్ద కూడా ముట్టకుండా పడుకున్నాడు. కొత్త కదా, ఒళ్లు అలిసిందనుకున్నారు.

ఈ రోజు లేబర్ ఆఫీసరు జ్యోత్స్న విచారణకు వచ్చింది. ఆరోగ్యానికి ఒకటే ధైర్యం. ఆ లోడు ఇంకా వెనక షెడ్డులోనే ఉందని, క్యాన్లన్నీ బోడిగానే ఉన్నాయని తోటి హమాలీ జంపయ్య మొన్ననే చెవిలో వేశాడు. నా పేరు మాత్రం ఎత్తకన్నా అని బతిమాలుకున్నాడు కూడా. ఎత్తనక్కర్లేదు, మేడం కళ్లతో చూస్తే చాలు.

మేనేజర్ వెంట అందరూ షెడ్డులోకి నడిచారు. జ్యోత్స్న క్యాన్ల వరస చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది.

"ఆరోగ్యం గారూ," అంది జ్యోత్స్న చివరికి. "ప్రతి క్యాను మీదా లేబుల్ ఉందండి."

ఆరోగ్యం తడుముకుంటూ ముందుకెళ్లి ఒక క్యాను పట్టుకున్నాడు. నిజమే, లేబుల్ ఉంది. నున్నగా ఉంది. షెడ్డులో క్యాన్ల మీద వేలెడు దుమ్ము, దాని మీద మాత్రం లేదు. అంచు వెంట వేలు పోనిస్తే మెత్తగా ఏదో అంటుకుంది. వాసన చూశాడు. సైకిల్ పంచర్ వేసే గమ్ము.

"మేడం, ఇది నిన్న అంటించిందే. గమ్ము ఇంకా ఆరనే లేదు. జర మీరే ముట్టి చూడుండ్రి."

జ్యోత్స్న ముట్టి చూసింది. ఆమె గొంతు మారింది. అంటించినవాళ్లెవరో తెలిసి, ఆ మనిషి నోటితో చెబితే కేసు ఆరోగ్యం వైపు తిరుగుతుందని, ఆపరేషన్ ఖర్చు కంపెనీ నెత్తినే పడుతుందని చెప్పింది.

ఆరోగ్యం గుండె ఉప్పొంగింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

"నా కొడుకు ఈడనే పని చేస్తుండు మేడం. నిన్న పొద్దంత ఈడనే ఉన్నడు. ఎవరు అంటించిన్రో వాడు చెప్తడు. నా కండ్ల మీద వాడు అబద్ధమాడడు."

"పిలిపిస్తానుండండి," అన్నాడు వెంకటరామారావు. ఆ గొంతులో బెదురు లేదు. ఎంత గుండెధైర్యమో వీడికి అనుకున్నాడు ఆరోగ్యం.

ప్రభు వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. ఈ లేబుళ్లు అంటించినదెవరని జ్యోత్స్న అడిగింది. అతను పలకలేదు. మళ్లీ అడిగింది.

నౌకరీ పోతుందని బిడ్డ జంకుతున్నాడనుకున్నాడు ఆరోగ్యం. పాపం, నిన్ననే చేరాడాయె.

"చెప్పు బిడ్డా. పోతే నౌకరీ పోతది, నా కన్నొస్తది. భయపడకు."

గాలిలో తడిమి కొడుకు చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే చేసినట్టే, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకున్నాడు. ఇందాకటి వాసనే.

కొడుకు వేళ్లకున్నది పనస జిగురు కాదు.