నాలుగు బల్లల పడవ

చెరువులో వాలుగ చేపను దొంగతనంగా పట్టాలని ప్రతాప్ ఖాయం చేసుకున్నాడు. పట్టకపోతే మీసం పోతుంది మరి.

తప్పంతా నోటిది. జఫర్‌గఢ్‌లో చుట్టాల దావత్‌కు పోయి, బామ్మర్ది విక్రమ్ ముందు తొడ కొట్టాడు. "మా ఊరి చెరువుల మనిషంత వాలుగ ఉన్నది. ఆషాఢం ఒడవకముందే దాన్ని పట్టకుంటే మీసం తీసేస్త!" విక్రమ్ దాన్ని ఫోనులో రికార్డు చేసి చుట్టాలందరికీ పంపాడు. ఇరవై ఏళ్లుగా నూనె రాసి పెంచిన మీసం అది. పిల్లల చదువు మీద కూడా ప్రతాప్ అంత శ్రద్ధ పెట్టలేదు.

చిక్కేమిటంటే, చెరువు మీద హక్కు మత్స్య సంఘానిది. బయటివాళ్లు చేపలు పడుతూ దొరికితే వల, గాలం, తెప్ప, ఏది ఉంటే అది సంఘం గుంజుకుంటుంది. ఆ తీర్మానం మీద సంతకం పెట్టింది అప్పటి సర్పంచ్ ప్రతాపే. ఎలక్షన్లప్పుడు సంఘానికి ఏదో ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. అదేమిటో ఇప్పుడు గుర్తు లేదు.

అందుకే లోపలి మనిషిని పట్టాడు. కిష్టయ్య సంఘంలో సభ్యుడే. థర్మాకోల్ తెప్ప మీద వల వేసే ముసలాయన. వాలుగను మొదట చూసింది కూడా ఆయనే. కల్లు మండువలో మూడు రోజులు వరుసగా చేతులు బార్లా చాపి, దాని మీసాలు ప్రతాప్ పటేల్ మీసాలకంటే పొడుగని ఊరందరికీ చెప్పాడు. ఆ మాటే ప్రతాప్‌ను కాల్చింది.

"పట్టొచ్చు పటేలా," అన్నాడు కిష్టయ్య, ప్రతాప్ పోయించిన కల్లు గుటకేసి. "గని తెప్ప మీద పోతే అది తోకతోని కొడ్తది, నువ్వు మునుగుతవ్. అల్మినియం పడవ కావాలె. నేనే సూసి ఇప్పిస్త."

ఇద్దరూ జనగామలో దేవేందర్ షెడ్డుకు పోయారు. దేవేందర్ నీళ్ల ట్యాంకులతోపాటు పడవలు కూడా చేసి అమ్ముతాడు. ప్రతాప్‌కు చూడగానే ఒక బుల్లి పడవ నచ్చింది. తళతళా మెరుస్తోంది. కారు మీద కట్టుకుపోవచ్చు.

కిష్టయ్య దాన్ని వేళ్లు ముడిచి కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "రేకు పల్సన. మొద్దు తగిల్తె చిరుగుతది."

తర్వాత, సంతలో కుండలు కొట్టి చూసినట్టు షెడ్డులో పడవలన్నిటినీ కొట్టుకుంటూ పోయి, చివరన ఉన్న పద్నాలుగు అడుగుల పడవ దగ్గర ఆగాడు. మందం రేకు. చదునైన అడుగు. ఎక్కి, నాలుగు బల్లల మీదా ఒక్కోసారి కూర్చుని లేచాడు.

"పోయేది నేనొక్కన్ని. నాలుగు బల్లలెందుకే?" అన్నాడు ప్రతాప్.

"బరువు సమానంగ ఉండాలె పటేలా. లేకుంటె వాలుగ గుంజినప్పుడు బోర్ల పడ్తది."

ప్రతాప్‌కు న్యాయంగానే తోచింది. ఆయనకు ఈత రాదు.

"తెడ్లు గూడ నాలుగియ్యి," అన్నాడు కిష్టయ్య దేవేందర్‌తో.

"నాలుగెందుకే?" అన్నాడు ప్రతాప్.

"ఒకటి ఇరిగితే?"

"రెండోది ఉంటది గద!"

"అది గూడ ఇరిగితే?"

దేవేందర్ నవ్వు కనపడకుండా వెల్డింగ్ ముసుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వల తగిలించడానికి అంచున కొక్కేలు, మధ్యలో మనిషి పట్టేంత చేపల డబ్బా, మెరుపుకు వాలుగ బెదరకుండా ఆకుపచ్చ రంగు, అన్నీ కిష్టయ్యే దగ్గరుండి పెట్టించాడు. తన ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా ఈ ముసలోడు ఇంత పట్టుగా ఉండి ఉండడని ప్రతాప్ మురిసిపోయాడు.

"పక్కన పేరు రాయాల్నా?" అడిగాడు దేవేందర్.

"వద్దు. జాగ ఖాళీ పెట్టు," అన్నాడు కిష్టయ్య. దొంగ పనికి పేరెందుకని ప్రతాప్ కూడా తలూపాడు.

రోజు కూడా కిష్టయ్యే చూశాడు. గురువారం నాడు సంఘం అధ్యక్షుడు ముత్తయ్య బిడ్డ లగ్గమట, మానుకోటలో. "సంఘమంత దావత్‌ల ఉంటది పటేలా. పగటాల చెరువు కాడ కాకి గూడ ఉండదు."

గురువారం మధ్యాహ్నం ప్రతాప్ పడవను చెరువు నడుమకు తీసుకుపోయి, కోడి పేగులు గుచ్చి గాలం వేశాడు. మీసం మెలేసి కూర్చున్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఒక తాబేలు తల పైకెత్తి, ఆయన్ని చూసి, మునిగిపోయింది.

అప్పుడు గట్టు మీద ఈల మోగింది. చూస్తే సంఘమంతా అక్కడే ఉంది, ముత్తయ్యతో సహా.

"లగ్గం?" అని అరిచాడు ప్రతాప్.

"ఆషాఢంల ఎవలన్న లగ్గం జేస్తరా పటేలా?" అన్నాడు ముత్తయ్య.

ప్రతాప్ నెత్తి కొట్టుకున్నాడు. ఆషాఢం గడువు పెట్టుకుని తిరుగుతూ ఆ సంగతే మరిచాడు. పోలీసుల దగ్గరికి పోతే చేపల దొంగని తన పేరే రాస్తారు. తీర్మానం మీద సంతకమూ తనదే. పడవ తిప్పుకుని ఒడ్డుకొచ్చి దిగాడు.

ఆయన దిగీ దిగగానే కిష్టయ్య, ఇంకో ముగ్గురు ఎక్కి నాలుగు బల్లల మీద కూర్చున్నారు. ఎవరి తెడ్డు వారికి సరిపోయింది. ముత్తయ్య రంగు డబ్బా తెరిచి, ఖాళీ జాగాలో సంఘం పేరు రాయడం మొదలుపెట్టాడు.

"ఎలక్షన్లప్పుడు సంఘానికి పడవ ఇప్పిస్తనన్నవ్ పటేలా. మాట నిలవెట్టుకున్నవ్."

ఇప్పిస్తానన్నదేమిటో అప్పుడు గుర్తొచ్చింది ప్రతాప్‌కు. ఏడుపు కూడా వచ్చింది. అయినా పడవ పోతే పోయింది, మీసం ఇంకా ఉంది కదా అనుకున్నాడు.

"కిష్టయ్యా, పడవ మీరే ఉంచుకోర్రి. నీకు దండం పెడ్త, ఆ వాలుగనొక్కటి పట్టియ్యి. ఎల్లుండితోని ఆషాఢం ఒడుస్తది!"

కిష్టయ్య తెడ్డు పక్కన పెట్టి, ఆ మీసం వంక నిజంగానే జాలిగా చూశాడు.

"యాడి వాలుగ పటేలా? మాకు పడవ లేకనే గద దాన్ని పుట్టిచ్చింది."