ల్యాప్‌టాప్‌లో చిటపట

నీలవేణి పొద్దున్నే ఆన్‌లైన్లో సంగీతం పాఠం మొదలుపెట్టగానే ల్యాప్‌టాప్, పొయ్యిలో ఎండుమట్ట వేసినట్టు చిటపటలాడసాగింది. బాగుచేసే మనుషులెవరూ మిగల్లేదు కనక కంపెనీ వాళ్ల మాట్లాడే యంత్రానికే మొరపెట్టుకుంది. అది రీస్టార్ట్ చేయించింది, డ్రైవర్లు మార్పించింది.

"నాకు ఏ చప్పుడూ వినపడట్లేదండీ. మీరు చెవుల్లో బడ్స్ పెట్టుకోలేదా?" అంది చివరికి.

ఊరందరి చెవుల్లోనూ బడ్సే. అక్కర్లేని రొదనంతా అవే మింగేస్తాయి. తంబురా శ్రుతిని కూడా రొద కింద జమకట్టేస్తాయని నీలవేణి ఒక్కతే పెట్టుకోలేదు.

మొగుడు సూరిబాబు వచ్చి విన్నాడు. "శుభ్రంగా ఉంది కదే! గోలంతా నీ చెవుల్లోనే ఉంది. పిల్లలెవరైనా ఏమన్నా అన్నారా?"

అనలేదు. పిల్లల చెవుల్లోనూ బడ్సే. అంటే ఇన్నేళ్లూ వాళ్లకి శ్రుతే వినపడలేదన్నమాట. ఆ సంగతి తోచగానే నీలవేణికి ఒంట్లో ఓపికంతా పోయింది. అతనిచ్చిన బడ్స్ పెట్టేసుకుంది.

చిటపట ఆగిపోయింది. తంబురా కూడా ఆగిపోయింది. సాయంత్రం దాకా పాఠాలు చెబుతూనే ఉంది. ఇల్లు ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉంది.

పక్కగదిలో మంచానపడ్డ అత్తగారు మాత్రం, మంచినీళ్ల కోసం పొద్దుటి నుంచీ మూలుగుతూనే ఉన్నారు.