కుదరదుగారి ఎర్ర సిరా

“గాలి ఎటునుంచి వీస్తుందో రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశావేం?”

“గాలన్నాక ఎటైనా వీస్తుంది కదండీ” అంది కిటికీ అవతల నిలబడ్డావిడ, తాపీగా.

గుమాస్తా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. అటవీ కార్యాలయంలో అందరూ చాటుగా అతణ్ణి ‘కుదరదుగారు’ అంటారు. అడవి పక్కన ఎవరు చెత్త కాల్చాలన్నా, పొదలు తగలబెట్టాలన్నా అతని చేతిమీదుగా అనుమతి చీటీ పుచ్చుకోవాల్సిందే. పదహారేళ్ళ ఉద్యోగంలో అడవిలో అడుగు పెట్టిన పాపాన పోలేదు గానీ, ఆ అడవి ఇంకా పచ్చగా ఉందంటే తన పుణ్యమేనని అతని గట్టి నమ్మకం. కిటికీ అవతల నిలబడేవాళ్ళంతా అతని లెక్కలో అగ్గిపెట్టె దొరికిన కోతులు.

ఇవాళ మాత్రం మహానుభావుడికి కాళ్ళూ చేతులూ కట్టేసినట్టుంది. పొద్దున్నే పై అధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. “అందరికీ కాదు కాదంటే జనం చీటీ లేకుండానే అంటించేస్తారయ్యా. ఇవాళ ఒక్కరికైనా ఇచ్చి చావు!” ఆ ఒక్కరూ ఈవిడే అయ్యేట్టుంది, ఖర్మ.

“సరే, ఏం కాలుస్తావు?”

“నాలుగెకరాల కొండవాలండీ, అడవిని ఆనుకునే ఉంటుంది. పొదలన్నీ తగలబెట్టి చదును చేసిస్తే ఎవరో విడిది ఇళ్ళు కట్టుకుంటారట. సోమవారంలోగా చీటీ తేకపోతే బేరం పోతుందని మా బావగారు పంపించారు.”

“భూమి ఎవరి పేరుమీదుంది?”

“అత్తగారు, బావగారు, మా ఆయన. ముగ్గురి పేరుమీదా.”

“ఇప్పుడక్కడ ఏమున్నాయి?”

“మా అత్తగారి తేనెపెట్టెలు, ఓ ముప్ఫై. ఈగలన్నీ ఆ పొదల పూల మీదే బతుకుతాయి.”

“మరి వాటినేం చేస్తారు?”

“ఈగలే కదండీ. ఎగిరిపోతాయి.”

కుదరదుగారికి ఒళ్ళు మండింది. పై అధికారి మొహం గుర్తొచ్చి తమాయించుకున్నాడు. దరఖాస్తుతో ఇచ్చిన పటం తిరగేసి, మరగేసి చూశాడు. కోడి గెలికినట్టుంది.

“ఇందులో చెట్లెక్కడ? వాగెక్కడ?”

“నాకు బొమ్మలు గీయడం రాదండీ.”

“నీళ్ళ ట్యాంకు దగ్గర పెట్టుకుంటారా?”

“ఎందుకూ, వానొస్తే అదే ఆరిపోతుంది.”

ఓరి నాయనో, ఇలాంటివాళ్ళు కూడా అన్నం తింటున్నారే అనుకున్నాడు కుదరదుగారు. జాలి కూడా వేసింది. అతనికి జాలంటే ఎదుటివాళ్ళ బుర్ర తనకంటే చిన్నదని తేలినప్పుడు కలిగే ఆనందం.

“నీవల్ల కాదు గానీ, గాలీ, నీళ్ళూ అన్నీ నేనే పూరిస్తాలే” అంటూ చీటీల పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. పాపం, ఇంత పెద్ద మనసు ఎన్నడూ చూసుండదని కుదరదుగారు తెగ మురిసిపోయాడు. గడులన్నీ గబగబా నింపి, సంతకం దగ్గర కలం ఆనించాడు.

“ఈ మాత్రం దానికి గంటసేపు నిలబెట్టారా?” అంది ఆవిడ ఉన్నట్టుండి. “గాలి గురించి మీరా నాకు చెప్పేది? ఆ కుర్చీలోంచి లేచి ఎన్నాళ్ళయింది? అసలీ చట్టమే దండగ. మిమ్మల్ని మేపడానికి పెట్టారు.”

కలం ఆగిపోయింది. “ఏమన్నావ్?”

“ఉన్నమాటే అన్నాను. ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. రేపు మా బావగారు మీ పై అధికారి దగ్గరికెళ్ళి ఐదు నిమిషాల్లో తెచ్చుకుంటారు. మీ సంతకం ఎవడిక్కావాలి?”

కుదరదుగారి చెవులు ఎర్రబడ్డాయి. చీవాట్లూ లేవు, పై అధికారీ లేడు. చీటీని పరపరా చింపి బుట్టలో పారేశాడు.

“మీ బావగారు కాదు, ఆయన్ని పుట్టించినవాడు దిగొచ్చినా కుదరదు! ఒకసారి తిరస్కరించిన స్థలానికి ఐదేళ్ళ దాకా ఎవరూ అడగకూడదు. పై అధికారి కూడా ఇవ్వకూడదు. చట్టంలో ఉంది, తెలుసా?”

“అవన్నీ ఉత్త బెదిరింపులు.”

“ఉత్తవా? ఇదిగో చూడు!”

ఎర్ర సిరా కలం తీశాడు. దరఖాస్తు మీద అడ్డంగా ‘తిరస్కరించడమైనది’ అని రాసి, రిజిస్టరులో ఎక్కించి, నకలు మీద ముద్ర గుద్దాడు.

“ముద్ర సరిగ్గా పడలేదండీ” అంది ఆవిడ.

బల్ల అదిరేలా మళ్ళీ గుద్దాడు. “ఐదేళ్ళలో ఆ వాలు మీద అగ్గిపుల్ల గీశారో, జైలే! తీసుకెళ్ళి మీ బావగారి మొహాన కొట్టు.”

ఆవిడ కాగితమంతా కూడబలుక్కుంటున్నట్టు చదివి, జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుని బయటికి నడిచింది. దెబ్బకి పొగరు దిగిందని కుదరదుగారు పొంగిపోయాడు. మెట్ల మీద ఆవిడ ఫోను తీయడం కనిపించింది. ఇప్పుడా ఏడుపు కూడా వింటే గానీ తనివి తీరదని, కిటికీలోంచి మెడ చాచి చెవి ఒగ్గాడు.

“గెలిచాం అత్తయ్యా, కాదన్నారు!”