స్టేషన్ అవతలి ఇల్లు

ఇల్లు కొనే ముందు ఇస్రాయేలు మూడు ఆదివారాలు చర్చి మానుకొని ఆ వాడంతా తిరిగాడు.

అది 1964 మే నెల. మహబూబ్‌నగర్ రైల్వే స్టేషన్ అవతల అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. కరెంటు స్తంభాలు రైలు గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ పైన బండలు, సీతాఫలం పొదలు, మధ్యలో పదిహేను ఇళ్లు. ఊరు ఇటు పెరుగుతుందా, మరో దిక్కుకు తిరుగుతుందా? అదే అతని బెంగ.

స్తంభాలు పాతేవాళ్లను అడిగితే వచ్చే ఏడు ఇటే అన్నారు. హైదరాబాదు బస్సు ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాడు. ఆడపిల్లల బడి దాకా నడిచి ఎంతసేపు పట్టిందో గడియారం చూశాడు. అంత ఎండల్లోనూ దిగుడు బావిలో నీళ్లున్నాయి.

అతనిది ఊరూరా తిరిగి టీకాలు వేసే ఉద్యోగం. ఆలంపూర్ నుంచి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లయింది. కిరాయికి ఇల్లు అడగడం, పేరు చెప్పడం, తలుపు మూసుకోవడం. ఇదే వరస. ఇద్దరు ఆడపిల్లలతో, భార్యతో దవాఖాన వెనక ఒక్క గదిలో కాపురం. సొంత ఇల్లుంటే ఇక పేరు అడిగేవాళ్లుండరనుకున్నాడు.

అమ్మకానికి ఉన్నది రెండు గదుల బండల మిద్దె. యజమాని భిక్షమయ్య రైల్వేలో చేసి దిగిపోయిన మనిషి. భార్య లేదు, పిల్లలు లేరు. ఇస్రాయేలు వెళ్లేసరికి ఆయనే లోపలినుంచి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

“మీ పేరేంది సార్?”

“రావు,” అన్నాడు ఇస్రాయేలు.

“ఉత్త రావేనా?”

“అందరు గట్లనే పిలుస్తరు.”

భిక్షమయ్య కాసేపు అతని ముఖంలోకి చూశాడు. చేతిలోని చెంబును అరుగు మీద పెట్టేశాడు. నీళ్లు ఇవ్వలేదు. తనెవరో పోల్చుకున్నాడేమో అనుకున్నాడు ఇస్రాయేలు.

కానీ పెద్దాయన ఇల్లు బాగానే చూపించాడు. పాత దస్తావేజు కూడా విప్పి చూపాడు. అది ఉర్దూలో ఉంది. మిషన్ బడిలో చదివిన ఇస్రాయేలుకు ఉర్దూ రాదు. సర్కారు ముద్ర చూసి ఊరుకున్నాడు.

“ఊరు ఇటు దిక్కు వస్తదంటరా?” అని అడిగాడు.

“ఎందుకు రాదు సార్? నేనొచ్చిన్నాడు గీడ నక్కలు తిరిగేటివి. ఇంకో పదేండ్లయితే జాగా దొరకదు. మీ పిల్లలకు మంచిగనే ఉంటది.”

“మరి ఎందుకు అమ్ముతున్నరు?”

“పద్నాలుగేండ్లున్న గీ ఇంట్ల. ఒక్క చుట్టం గడప తొక్కలె. నా పెండ్లాం మంచాన పడ్డా ఎవరు రాలె. ఇగ నకిరేకల్‌ల మా చెల్లె దగ్గరికి పోత.”

చుట్టాలు ఎందుకు రాలేదో ఇస్రాయేలు అడగలేదు. అతని మనసంతా అరుగు మీది చెంబు మీదే ఉంది. ఆయనకు తన మీద అనుమానం ఉంటే తీర్చేయాలనుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి అడిగాడు.

“ఇరుగు పొరుగు ఎట్లాంటోళ్లు? అంటే, తక్కువ కులపోళ్లు గిట్ల ఎవరన్న ఉన్నరా ఈ వరసల?”

భిక్షమయ్య చూపు నేలకు దిగింది.

“లేరు సార్. ఎవరు లేరు,” అన్నాడు.

గేటు దాటేదాకా ఇస్రాయేలు తల ఎత్తలేదు. మిషన్ బడికి పోకముందు ఊరి బడిలో తనను గుమ్మం బయట నిలబెట్టిన మాటే అది. ఇవాళ తన నోటినుంచే వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు.

మనవరాళ్లను చూడటానికి అతని తల్లి ఈదమ్మ ఊరినుంచి వచ్చి ఉంది. చింతపండు గింజలు తీస్తూ కొడుకు చెప్పినదంతా విన్నది. పేరు సంగతి కూడా.

“ఇల్లు మంచిదే బిడ్డా. పిల్లలు సదువుకుంటరు. తీసుకో,” అంది. “నేను మాత్రం ఆడికి రాను తియ్యి.”

“అదేందమ్మా?”

“నన్ను చూస్తే నువ్వెవరో తెలుస్తది గదా.”

కోపంగా అనలేదు. నీళ్లు కాగినయని చెప్పినట్టే చెప్పింది. మళ్లీ గింజలు తీయడంలో పడింది. ఇస్రాయేలుకు ఆ గదిలో కూర్చోవడానికి చోటు లేనట్టనిపించింది. బయటికి వెళ్లి, చాలాసేపు దవాఖాన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బేరం కుదిరింది. రిజిస్ట్రేషన్ రోజు వచ్చింది.

కచేరీ వరండాలో దస్తావేజు రాసే మనిషి చాప మీద కూర్చొని కలం తీశాడు. అమ్మేవారి పేరు, తండ్రి పేరు చెప్పమన్నాడు.

పాత కాగితాలు ఒళ్లో పెట్టుకొన్న భిక్షమయ్య, “ముందు కొనేటాయనది రాయుండ్రి,” అన్నాడు.

ఇస్రాయేలు కొంచెం ముందుకు జరిగాడు. రావు అని రాయించి, అడిగితే ఏదో ఒక తండ్రి పేరు చెప్పొచ్చు. కానీ తండ్రి పేరు దగ్గరే అతను ఆగిపోయాడు.

“రావు కాదు,” అన్నాడు. “ఇస్రాయేలు. మా నాయిన పేరు ఏసోబు.”

కలం ఆగింది. వరండాలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఇస్రాయేలు పెద్దాయన వైపు తిరిగాడు.

“అబద్ధం చెప్పిన పెద్దాయనా. గా దినం అడిగిన మాట గూడ నన్ను నేను దాసుకునేటందుకే అడిగిన. నాకు సిగ్గుగున్నది. మీకు మనసొప్పకుంటే ఇల్లు ఇయ్యకుండ్రి.”

రాసే మనిషి గొంతు సవరించుకున్నాడు. “ఏమంటరు పెద్దాయనా? రాయాల్నా, ఆపాల్నా?”

భిక్షమయ్య ఒళ్లోని పాత దస్తావేజు తీసి రాసే మనిషి ముందు పెట్టాడు. అందరూ ఆయన జవాబు కోసమే చూస్తున్నారు.

“రాయుండ్రి,” అన్నాడాయన తల ఎత్తకుండానే, “నాది గూడ అసలు పేరే రాయుండ్రి. యోహాను. మా బాపు పేరు దానియేలు.”