వాడేవాళ్లని అడిగాకే

కొత్త వెర్షన్ ఎక్కించగానే మా ఇంట్లో పాత కంప్యూటర్ మూగబోయింది.

తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం అది. నలుగురూ కలిసి రాసి, అందరికీ ఊరికే ఇచ్చేది. చూపు పోయిన మా ఆవిడ కోసం, మా పాత మెషిన్ మీద నడిచేలా దాన్ని నేను విడిగా మార్చుకున్నాను.

అసలు ప్రోగ్రాం బాధ్యత మా అన్నయ్య కొడుకుది. "విడిగా ఎందుకు బాబాయ్, అసలు కోడ్‌లో కలిపేద్దాం. ఇక అంతా మేమే చూసుకుంటాం" అన్నాడు. నమ్మి ఇచ్చేశాను. నా దగ్గరున్న కాపీ కూడా తీసేశాను.

వాడికి ఫోన్ చేశాను.

"పాత మెషిన్ల భాగం ఎత్తేశాం బాబాయ్."

"ఎత్తేయడానికేనట్రా కలుపుకున్నది?"

"వాడేవాళ్లని అడక్కుండా తీస్తామా? మిగిలింది ఒక్కరే. వాళ్లే అక్కర్లేదన్నారు."

"ఎవర్రా ఆ మహానుభావుడు?"

"పిన్ని."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. మా ఆవిడ ఆ మూగ పెట్టె ముందే కూర్చుని ఉంది.

"నాతో ఒక్క మాటైనా అనకుండా ఎంత పని చేశావే! ఎన్నేళ్ల కష్టం! ఇంట్లో మనిషివై ఉండి..."

ఆవిడ అడ్డు రాలేదు. నేను ఆగాక మెల్లగా అంది.

"చూపు పోయిన కొత్తలో పేపరు మీరే చదివి వినిపించేవారు. ఈ పెట్టెకి మాటలు నేర్పాక మీరు మానేశారు."

నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఆపేశారేం? మీ గొంతు విని ఎన్నాళ్లయిందో. ఇంకాస్త తిట్టండి."