ఆమె పలకని చప్పుడు

“ఒక్కసారి అనమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా,” అన్నాడు మొలెఫి.

“పళ్ళు ఊడాయి. రాదు పో,” అంటూ బోనోలో అమ్మ మొంగోంగో గింజను రాయి మీద టక్కున పగలగొట్టింది.

మొలెఫి రాజధాని నుంచి వచ్చాడు. చచ్చిపోతున్న భాషల శబ్దాలు పట్టి దాచడం వాడి పని. కలహారి ఎడారి అంచున మా పేటలో అందరం ఎప్పుడో త్స్వానా భాషలోకి దిగిపోయాం. పాత భాష ఈ ముసలామె నోట్లోనే మిగిలింది. ఆమె పెనిమిటి, బోనోలో నాన్నకూ వచ్చు గానీ, పక్షవాతంతో ఆయన మాట పడిపోయింది. గుడిసెలో చాప మీద పడి ఉన్నాడు. ఆమె జొన్నజావ పోస్తే సగం గడ్డం మీదికే కారుతుంది.

నాలుకతో అంగిలిని కొట్టి పలికే చప్పుళ్ళన్నీ చకచకా ఇచ్చింది, ఒక్కటి తప్ప. ఆ చప్పుడున్న మాట ఏది అడిగినా చుట్టు తిప్పేది. దుప్పి పేరు అడిగితే “అదే, పొడుగు కొమ్ములది” అనేది. వాడికి ఒళ్ళు మండిపోయేది.

“రేపు వెళ్ళిపోతున్నా. నీతోనే ఆ చప్పుడు పోతుంది. చూస్తూ ఉండు, నీ నోట అది వినే కదులుతా!”

ఆమె చేతిలోంచి గింజ జారిపోయింది. “నీ నోట్లో మన్ను పడ! అవేం మాటలురా!”

పక్కింటి బొంత్లే వాణ్ణి కొట్టినంత పని చేసింది. “బుద్ధుందా నీకు? ఇంకోసారి అడిగావంటే చెప్పు తెగుద్ది!”

ఏం తప్పన్నాడో వాడికి అంతుపట్టలేదు. రాత్రంతా దిగులుగా పడుకున్నాడు.

పొద్దున్నే, పేట ఇంకా లేవకముందే, వాడు జీపులో సామాను సర్దుతుంటే ఆమే వచ్చింది. ఇసకలో చతికిలబడింది.

“పెట్టరా నీ మిషను.”

పలికింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఫెళ్ళున వచ్చింది ఆ చప్పుడు. మళ్ళీ పలికింది. చాలమ్మా అన్నా ఆపలేదు. గొంతు జీరబోయేదాకా అదే మాట అంటూ కూర్చుంది.

మొలెఫి ఎగిరి గంతేశాడు. “బతికించావమ్మా! ఇంత బాగా పలుకుతూ నన్నెందుకు ఏడిపించావు? ఇంతకీ ఏం మాట అది?”

“మా ఆయన పేరు నాయనా, తెల్లారుజామున ఆయన కన్ను మూసినప్పటి నుంచీ నేను పలకొచ్చు.”