అటక మీద ఆడిట్

"ఎవరో ఫోన్ చేసి ఆడిట్ అన్నాడండీ. ఇప్పుడే వస్తున్నాడట."

లీల ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది. అవతల ఆఫీసులో ఉన్న ఆమె భర్త దామోదర్ కుర్చీలో ముందుకి వంగాడు.

"సరిగ్గా విన్నావా? ఇంకేమన్నాడు?"

"ఎనర్జీ అన్నాడు, క్రెడిట్ అన్నాడు. అటక చూడాలన్నాడు. మిగతాది గబగబా అనేశాడు, నాకర్థం కాలేదు."

దామోదర్‌కి మాత్రం అంతా అర్థమైపోయింది. అవి చమురు ధరలు మండిపోతున్న 1981 నాటి రోజులు. ఇంట్లో వేడి బయటికి పోకుండా అటక మీద దూదిపరుపులాంటి ఇన్సులేషన్ వేయించుకున్నవాళ్ళకి ప్రభుత్వం టాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, ఇస్తోంది. వాళ్ళుండే ఊరు నోవైలో తెలిసినవాళ్ళంతా తీసుకున్నారు, దామోదరూ తీసుకున్నాడు. కాకపోతే మహానుభావుడు అటకెక్కడానికి కొన్న నిచ్చెన ఖరీదు కూడా అందులో కలిపేశాడు. అది పట్టుకోవడానికే టాక్సువాళ్ళు వస్తున్నారనుకున్నాడు.

"నిచ్చెన సంగతి అడిగితే పక్కింటివాళ్ళదని చెప్పు. ఈ మంచులో డ్రైవ్ చేసుకుంటూ నేనొచ్చేసరికి అతను వెళ్ళిపోతాడు. ఫోన్ దగ్గరే ఉంటాను."

"నిచ్చెన సరే, నా నగల మాటేమిటి?"

ఆ సంగతి దామోదర్‌కి తట్టనే లేదు. పెళ్ళికి అమ్మ పెట్టిన నగలన్నీ లీల ఆ ఇన్సులేషన్ కిందే, చిమ్నీ పక్కన దాచుకుంది. బ్యాంకు లాకరంటే ఆమెకి నమ్మకం లేదు.

గుంటూరులో పక్కింటి మీద ఇన్‌కంటాక్స్ దాడి జరగడం ఆమె కళ్ళారా చూసింది. పరుపులు కోశారు, పప్పు డబ్బాలు బోర్లించారు, బంగారమంతా మూటగట్టారు. ముందే నోరు విప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని ఆఫీసరు అనడం ఆమెకి ఇప్పటికీ గుర్తే.

బెల్ మోగింది. గుమ్మంలో టై కట్టుకున్న పొడుగాటి తెల్లాయన, చేతిలో పనిముట్ల సంచి.

"అటక ఎటు మేడమ్?"

లీల గరాజ్ వైపు చూపించింది. "ఆ నిచ్చెన పక్కింటివాళ్ళది," అంది, అతను అడక్కుండానే. ఇక భయం పట్టలేకపోయింది. "పైన నా బంగారం ఉంది. చిమ్నీ పక్కన, ఇన్సులేషన్ కింద. మా అమ్మ పెట్టింది. దానికీ టాక్సుకీ ఏ సంబంధమూ లేదు. మావారి ఉద్యోగానికి ఏమీ కాదు కదా?"

అతను తెల్లబోయాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"నేను టాక్సువాణ్ణి కాదు మేడమ్. గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాను. మా ఆడిట్ అంటే ఇంట్లో వేడి ఎక్కణ్ణించి పోతోందో చూడడమే."

లీలకి సిగ్గూ సంతోషం ఒకేసారి కమ్ముకొచ్చాయి. ఆయన పైకెక్కాడు, ఈమె వంటింట్లోకి పరిగెత్తి కాఫీ పెట్టింది.

"ఇన్సులేషన్ బాగా పరిచారు. నిశ్చింతగా ఉండండి," అన్నాడాయన దిగొచ్చి, బట్టలు దులుపుకుంటూ. కాఫీ తాగి, ఆమె పెట్టిన సున్నుండలు వద్దనకుండా తిన్నాడు. రెండు చేతులా సంచి పట్టుకున్నాడు కాబట్టి లీలే తలుపు తీసి, మెట్ల మీద మంచుంది, జాగ్రత్త అని చెప్పింది.

వెంటనే దామోదర్‌కి ఫోన్ చేసింది. అతను పడీపడీ నవ్వాడు.

"బతికిపోయాం. ఇంతకీ కిటికీలు చూశాడా? అద్దాల మీద ఇంకో అద్దం వేయిస్తే దానికీ క్రెడిట్ ఇస్తారట."

"నా ప్రాణాలు పైకిపోతుంటే కిటికీల గురించి అడుగుతానా?"

"సర్లే, కంపెనీకి నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను."

లీల కప్పు కడిగి బోర్లించింది. పొద్దున్నుంచీ తిండి లేదని అప్పుడు గుర్తొచ్చి పెరుగన్నం కలుపుకుంది. రెండు ముద్దలు తిందో లేదో ఫోన్ మోగింది. దామోదరే.

"లీలా, గ్యాస్ కంపెనీవాళ్ళు ఎవర్నీ పంపలేదట."